సినారె గేయకళ – పరిశోధనలో విభజన: ఒక అభ్యంతరం

ఆచార్య సి.నారాయణరెడ్డి మీద మన తెలుగు శాఖల్లో సాగుతున్న పరిశోధన తీరు మీద నాకొక అభ్యంతరం ఉంది. దాన్ని సూటిగా చెప్పడానికే ఈ వ్యాసం. సినారెను మనం ఇద్దరు మనుషులుగా చదువుతున్నాం. ఒకరు ‘కర్పూర వసంతరాయలు’ నుంచి ‘విశ్వంభర’ దాకా నడిచిన కవి. మరొకరు సినిమాలకు మూడువేలకు పైగా పాటలు రాసిన రచయిత. మొదటివారికి అధ్యాయాలు, రెండవవారికి అనుబంధం. ఈ ఇద్దరి నడుమ మూడవవారొకరు ఉన్నారు. తాను రాసిన గజల్‌ను తానే బాణీ కట్టుకొని, వేదిక మీద తన గొంతుతో పాడిన వ్యక్తి ఆయన. ఆయనకు మన విషయసూచికల్లో చోటు దొరకడమే అరుదు. దొరికితే ‘ఇతర ప్రక్రియలు’ అన్న శీర్షిక కింద, ప్రపంచపదులకూ యాత్రాకథనాలకూ మధ్య నాలుగు పుటలు.

ఇది కేవలం స్థల కేటాయింపు సమస్య అయితే వ్యాసం రాయవలసిన పని లేదు. ఈ విభజన వెనుక ఒక విలువ నిర్ణయం దాగి ఉంది. కాగితం మీద నిలిచేది సాహిత్యమని, గొంతులో నిలిచేది వినోదమని ఆ నిర్ణయం చెబుతుంది. ఎవరూ దీన్ని ఇంత బాహాటంగా అనరు, కాని సిద్ధాంత గ్రంథాల అమరిక అంటుంది.

సినారె పాటను సమర్థించే పరిశోధకులు కూడా ఈ నిర్ణయానికి లోబడే మాట్లాడటం నన్ను మరింత కలవరపరుస్తుంది. ‘ఆయన సినిమా పాటల్లోనూ కవిత్వం ఉంది’ అని నిరూపించడమే వారు తలకెత్తుకొనే పని. పాట నుంచి రెండు సమాసాలు, ఒక రూపకం, ఒక అంత్యప్రాస ఏరి చూపి, ‘చూశారా, ఇది కూడా కవిత్వమే’ అంటారు. నిందించేవారిదీ మెచ్చుకొనేవారిదీ ఒకే తూకపురాయి. పాటను పద్యంలా చదివి, పద్యమంత బరువు తూగిందా లేదా అని చూస్తున్నారు. పాట పాటగా ఏం చేసిందన్న ప్రశ్న ఇద్దరికీ తట్టదు.

మొదట కాలక్రమాన్ని చూద్దాం. సినారె సాహిత్య జీవితాన్ని మెట్ల వరుసగా చెప్పడం మనకు అలవాటు. తొలుత కాల్పనిక గేయకావ్యాలు, పిదప అభ్యుదయం, ఆపైన మానవతా దర్శనం. మధ్యలో బ్రతుకుతెరువు కోసమో కీర్తి కోసమో సినిమా, దానికి ప్రాయశ్చిత్తంగా గజల్. తేదీలు ఈ కథకు సహకరించవు. ఎన్.టి.రామారావు ఆహ్వానంతో పాటలు రాసిన ‘గులేబకావళి కథ’ విడుదలైనది 1962లో. ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ అన్న ఆయన సిద్ధాంత వ్యాసానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇచ్చినదీ ఆ 1962లోనే. ఆధునిక కవిత్వంలో సంప్రదాయమెంత, ప్రయోగమెంత అని తూచిన చేయే జానపద చిత్రానికి యుగళగీతం రాసింది. ‘మంటలు మానవుడు’ సంపుటికి 1973లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన రోజుల్లో ఆయన సినిమా పాట మానలేదు. ‘భూమిక’ 1977, ‘విశ్వంభర’ 1980. ఆ రెంటి నడుమ 1978లో ‘అక్బర్ సలీం అనార్కలి’. ‘స్వాతిముత్యం’లోని లాలిపాట 1986, ‘విశ్వంభర’కు జ్ఞానపీఠం 1988. ఇందులో మెట్లు ఎక్కడున్నాయి? ఒకే కాలంలో పక్కపక్కన నడిచిన పాయలు కనిపిస్తాయే గాని, ఒకదాన్ని విడిచి మరొకదానికి ఎక్కిన జాడ కనిపించదు.

ఇది సినారె ఒక్కరి విశేషమూ కాదు. దాశరథి కృష్ణమాచార్య ‘గాలిబ్ గీతాలు’ వెలువడినది 1961లో. ‘ఇద్దరు మిత్రులు’ చిత్రానికి ఆయన పాట రాసినదీ అదే ఏడు. ఉర్దూ నీడలో పెరిగిన ఇద్దరు తెలంగాణ కవులు ఏడాది తేడాతో తెలుగు సినిమాలోకి ప్రవేశించారు. ఒకరి చేతిలో గాలిబ్ అనువాదం, మరొకరి చేతిలో ఆధునిక కవిత్వ చరిత్ర. ఈ రెండు ప్రవేశాలను కలిపి చదవవలసిన చోట మనం దాశరథిని ‘అగ్నిధార’కు, సినారెను ‘విశ్వంభర’కు కట్టేసి కూర్చున్నాం.

ఇక కరీంనగర్ సంగతి. సినారె 1931 జులై 29న హనుమాజీపేటలో పుట్టారు. నాటి కరీంనగర్ జిల్లాలోని ఆ ఊరు 2016 నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. బాల్యంలో హరికథలు, జంగం కథలు విన్నారు. సిరిసిల్లలో, కరీంనగర్‌లో చదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. ఈ వివరాలు జీవిత పరిచయ అధ్యాయంలో తప్పకుండా ఉంటాయి. ఎలా ఉంటాయో గమనించండి. ‘ఉర్దూ మాధ్యమంలో చదివినప్పటికీ తెలుగులో మహాకవి అయ్యారు’ అన్న ధోరణిలో ఉంటాయి. ఆ ‘ప్పటికీ’ దగ్గరే నా పేచీ. నిజాం రాజ్యంలో తెలుగుకు జరిగిన అన్యాయాన్ని తక్కువ చేసి చూపడం నా ఉద్దేశం కాదు. తల్లిభాష బడిలో ఐచ్ఛికంగా మిగలడం పిల్లవాడికి నష్టమే. అయినా ఆ బడి ఆ పిల్లవాడి చెవిలో ఏం వేసిందన్నది వేరే ప్రశ్న. బడిలో షేర్, రదీఫ్, కాఫియా, ఊరిలో జంగంకథ చెప్పే గొంతు దరువు. ఈ రెండూ ఒకే చెవిలో కలిసిన చోటునుంచే సినారె గేయకళ మొదలైందని నా వాదం. ఆ ప్రాంతానికి బహుభాషల సహవాసం కొత్తదేమీ కాదు. వేములవాడ చాళుక్యుల కాలంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల గుట్ట మీద సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. అందులోని కంద పద్యాలను మన సాహిత్య చరిత్రలు గర్వంగా చెప్పుకుంటాయి. పదవ శతాబ్దిలో మూడు భాషలుంటే అది సంపద, ఇరవయ్యో శతాబ్దిలో ఉర్దూ ఉంటే అది అవరోధం. ఈ లెక్క ఎవరిదో మనమే వెతుక్కోవాలి.

గజల్ శిల్పంలోకి వెళితే విభజన ఎంత అసమంజసమో తెలుస్తుంది. ఉర్దూ అరూజ్ తెలుగు ఛందస్సు మాదిరిగానే గురులఘువుల మీద నడుస్తుంది. అయితే ఉర్దూలో పాదం చదివేటప్పుడు కొన్ని పదాంత దీర్ఘాలను హ్రస్వంగా కుదించుకొనే వెసులుబాటు ఉంది. తెలుగులో అది కుదరదు. దీర్ఘం హ్రస్వమైతే మాట మారిపోతుంది. కనుక బహర్‌లను యథాతథంగా దిగుమతి చేసుకోవడం కష్టం. తెలుగు గజల్ ప్రధానంగా మాత్రాగతుల దారి పట్టింది. చతురస్రం, ఖండం, మిశ్రం వంటి గతుల్లో పాదాలు పేర్చుకుంది. దాశరథి తొలి అడుగు వేస్తే, సినారె ఆ దారిని జనంలోకి తీసుకుపోయారు. ఆయనకు ఈ గతులు గజల్ కోసం కొత్తగా నేర్చుకున్నవి కావు. ‘నాగార్జునసాగరం’, ‘కర్పూర వసంతరాయలు’ వంటి గేయకావ్యాల్లో సాధన చేసినవే. ఆ సాధనే సినిమాలో బాణీకి మాట కూర్చడంలోనూ పనికొచ్చింది. స్వరకర్త ‘తనన తాన’ అని వినిపించిన వరుసలో ఎక్కడ గురువు, ఎక్కడ లఘువు, ఎక్కడ విరామం అని పట్టుకోవడం ఛందస్సు తెలిసిన చెవికి సహజంగా అబ్బే విద్య. గేయకావ్యం, సినిమా పాట, గజల్ అన్న మూడింటికీ వెన్నెముక ఒకటే అయినప్పుడు, మూడు వేర్వేరు ప్రాణుల్లాగా వాటిని విడగొట్టి ఏం సాధించాం?

ఇక్కడ ఒక పూర్వపక్షం వస్తుంది. బాణీకి రాయడం బానిసత్వమని, గజల్ స్వేచ్ఛాసృష్టి అని అంటారు. ఈ మాటను అనేవారు గజల్‌ను ఎప్పుడూ రాసి చూడలేదేమో. మత్లాలో రెండు పాదాల చివరా, ఆపై ప్రతి షేర్ రెండో పాదం చివరా అదే రదీఫ్ రావాలి. దానికి ముందు కాఫియా కుదరాలి. పాదాలన్నీ ఒకే కొలతలో ఉండాలి. చివరి షేర్‌లో కవి ముద్ర పడాలి. సినిమా స్వరకర్త కూడా ఇన్ని షరతులు పెట్టడు! నిర్బంధం రెండుచోట్లా ఉంది. ఒకచోట దాన్ని నియమమని గౌరవిస్తున్నాం, మరొకచోట దాస్యమని ఈసడిస్తున్నాం.

నిజమైన తేడా వేరేచోట ఉంది. దాన్ని దాచి వాదించడం నిజాయితీ కాదు. సినిమా పాటకు ఒక సన్నివేశం ఉంటుంది, ఒక పాత్ర ఉంటుంది. పల్లవి చెప్పిన భావాన్ని చరణాలు విస్తరించి మళ్లీ పల్లవికి తెచ్చి అప్పగించాలి. గజల్‌లో అలా కాదు. ప్రతి షేర్ దాని కాళ్ల మీద అది నిలబడాలి. ఒక షేర్ ప్రేమ గురించి, మరుసటిది మృత్యువు గురించి ఉండవచ్చు. వాటిని కట్టి ఉంచేది రదీఫ్, కాఫియా, కొలత మాత్రమే. సినారె గజళ్లు చాలావాటిలో ఈ స్వతంత్రత సడలిందని నా పరిశీలన. ఒకే భావాన్ని షేర్ తరువాత షేర్ పొడిగిస్తూ పోవడం, ఉర్దూవారు ముసల్సల్ గజల్ అనే పద్ధతికి దగ్గరగా రావడం కనిపిస్తుంది. పల్లవి-చరణాల అలవాటు గజల్‌లోకి చొరబడిందని నేను అనుకుంటున్నాను. కొన్నిచోట్ల షేర్ సూక్తిగా మారి, సభలో చప్పట్లకు సిద్ధమై కూర్చుంటుంది. ఇది ఆయన గజల్‌కు గల పరిమితి. అయితే ఈ పరిమితి కూడా సినిమా పాటను గజల్ పక్కన పెట్టి చదివినప్పుడే తెలుస్తుంది. విడివిడి అధ్యాయాల్లో చదివే పరిశోధకుడికి మెచ్చుకొనే అవకాశమే గాని, తప్పుపట్టే అవకాశం కూడా ఉండదు. అందుకే కాబోలు మన దగ్గర సినారె గజళ్ల మీద ప్రశంస విరివిగా, విమర్శ అరుదుగా ఉంది.

రాకపోకలు ఒకే దిశలో సాగలేదు. ‘అక్బర్ సలీం అనార్కలి’ని తీసుకోండి. మొఘల్ దర్బారు కథకు తెలుగులో మాటలు, పాటలు సినారె సమకూర్చారు. 1953 నాటి హిందీ ‘అనార్కలి’కి స్వరాలు కూర్చిన సి.రామచంద్ర దీనికి సంగీత దర్శకులు. మహమ్మద్ రఫీ తెలుగులో పాడారు. ఉర్దూ నుడికారం తెలియని కవికి ఆ దర్బారు తెలుగులో వినిపించే తెరవే లేదు. సిరిసిల్ల, కరీంనగర్ బడుల ఉర్దూ తెరమీది తెలుగులోకి ప్రవేశించిన ఘట్టమిది. సినిమా చరిత్రలో ఈ చిత్రానికి ఏ స్థానం దక్కినా, తెలుగు గజల్ చరిత్రలో దీనికొక పుట ఉండాలి. నేను చూసినంతలో మన గజల్ చరిత్రలు దీన్ని పలకరించవు. అది సినిమా కదా!

గొంతు విషయం దగ్గర కొంచెం నిలవాలి. ముద్రిత పుటలో రదీఫ్ విసుగు పుట్టిస్తుంది. అదే మాట ఏడుసార్లు, తొమ్మిదిసార్లు. కాని పాడేటప్పుడు జరిగేది వేరు. మొదటి పాదాన్ని గాయకుడు ఒకసారి పాడి, మళ్లీ పాడి, శ్రోతను ఊరిస్తాడు. రెండో పాదంలో కాఫియా వినపడగానే రదీఫ్ ఏమిటో శ్రోతకు ముందే తెలుసు, కనుక అతడూ దాన్ని పూరిస్తాడు. ముషాయిరాల్లో ‘ముకర్రర్’ అన్న కేక పుట్టే చోటు అదే. రదీఫ్ రహస్యం పునరుక్తిలో లేదు, నిరీక్షణలో ఉంది. ఆ నిరీక్షణను నిర్మించేది కవి గొంతులోని విరామం. ఆ విరామాన్ని ఏ అచ్చుయంత్రమూ ముద్రించలేదు. ముందు చెప్పిన మాత్రల మాట కూడా ఇక్కడ తిరగబడుతుంది. కాగితం మీద తెలుగు లఘువు లఘువే, గొంతులో అది సాగుతుంది. ఉర్దూ కవికి చదువులో ఉన్న వెసులుబాటును తెలుగు కవి గానంలో తిరిగి సంపాదించుకున్నాడు. సినారె తన గజల్‌ను తానే పాడటానికి ఇది శిల్పగతమైన కారణం. దాన్ని కేవలం ప్రజాకర్షణగా, సభారంజకత్వంగా చెప్పి వదిలేస్తే గజల్‌లో సగాన్ని వదిలేసినట్లే.

మక్తాలో ఆయన వాడిన ముద్ర ‘సినారె’. పొడి అక్షరాల పేరు గజల్‌లో తఖల్లుస్ అయింది. సినిమా తెర మీద ‘సి.నారాయణరెడ్డి’ అని పడే పేరు వేదిక మీద మూడక్షరాల మాత్రాగణమై పాదంలో ఇమిడింది. ఇద్దరు సినారెలని వాదించేవారికి, ఆ మూడక్షరాలను జనం ఏ సినారెకు పెట్టుకున్నారో చెప్పడం కష్టమవుతుంది. సినిమా పాట అభిమానీ, వచనకవితా పాఠకుడూ ఆయనను పిలిచింది ఆ పేరుతోనే.

పక్క శాఖను చూసి అయినా మనం కొంత నేర్చుకోవచ్చు. హైదరాబాదు ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ రచనలు 1964లో ‘చా చా చా’ చిత్రంలో, ఆయన మరణానంతరం 1982లో ‘బాజార్’ చిత్రంలో పాటలయ్యాయి. అందువల్ల ఉర్దూ సాహిత్యంలో మఖ్దూం స్థానం అంగుళమైనా తగ్గలేదు, ఆయనను సినిమా మఖ్దూం, సాహిత్య మఖ్దూం అని ఎవరూ చీల్చలేదు. మరికొంత దూరం చూస్తే, కెనడాకు చెందిన జోనీ మిచెల్ తన పాటలు తానే రాసి పాడిన గాయని. జనాదరణ పొందిన పాటల నుంచి జాజ్ వైపు జరిగి 1979లో జాజ్ విద్వాంసుడు చార్లెస్ మింగస్ పేరుతో ‘మింగస్’ అనే ఆల్బమ్ చేసింది. ఆమె మీద రాసేవారు ఆ మార్పును శ్రుతిలో, పదం విరుపులో, గొంతు వాడకంలో వెతుకుతారు. పాటల పుస్తకం తెరిచి ఉపమాలంకారాలు లెక్కపెట్టి ఊరుకోరు. బాబ్ డిలన్‌కు 2016లో సాహిత్య నోబెల్ వచ్చినప్పుడు మనవాళ్లలో కొందరు పాటకు నోబెలా అని ఆశ్చర్యపోయారు. అన్నమయ్యకూ క్షేత్రయ్యకూ వారసులం మనం ఆశ్చర్యపోవడం వింతగా లేదూ?

ఈ విభజన రోగం సినారెతో ఆగలేదు. నాటి ఆదిలాబాద్ జిల్లా దండేపల్లి మండలం లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్యను మనం ‘ఉద్యమ గీత రచయిత’ అన్న గదిలో పెట్టాం. ‘ఊరు మనదిరా’ అన్న పాట ఒక్క అచ్చుప్రతికి కట్టుబడి ఉండేది కాదు. సభను బట్టి, పాడేవారిని బట్టి సాగుతుంది, కుదించుకుంటుంది. దాన్ని కూడా వస్తువు, అభివ్యక్తి, భాష అన్న మూడు ఉపశీర్షికల కింద చదివేశాం. సినిమా పాటకు వినోదమన్న ముద్ర, ఉద్యమ పాటకు నినాదమన్న ముద్ర, గజల్‌కు ఇతర ప్రక్రియ అన్న ముద్ర. పేర్లు వేరైనా, మూడు చోట్లా పరిశోధకుడు తప్పించుకున్న పని ఒకటే, వినడం.

‘మేము సంగీత శాఖ వాళ్లం కాము, స్వరాలు మాకెక్కడ తెలుసు’ అన్న సమాధానం నేను చాలా సదస్సుల్లో విన్నాను. ఈ సాకు నిలవదు. రాగనిర్ణయం చేయమని తెలుగు పరిశోధకుణ్ణి ఎవరూ అడగటం లేదు. గతి ఏమిటో, విరామం ఎక్కడ పడిందో, ఏ అక్షరం సాగిందో, ఏ పాదం రెండుసార్లు వచ్చిందో గుర్తించమంటున్నాం. యతిప్రాసలు బోధించే శాఖకు ఇది పరాయి విద్య కాదు. బిరుదురాజు రామరాజు 1950లలోనే జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో పరిశోధన చేసి ఆ క్షేత్రానికి పునాది వేశారు. నోటి పాటను విశ్వవిద్యాలయం గుమ్మం దాటించిన శాఖ మనదే. ఆ శాఖలోనే ఆచార్యులుగా పనిచేసిన కవి పాటను నేడు అనుబంధంలోకి నెట్టడం మన చరిత్రను మనమే మరచిపోవడం. పైగా ఆ కవి తన సినిమా పాటను ఎన్నడూ దాచుకోలేదు. ‘పాటలో ఏముంది నా మాటలో ఏముంది’ అంటూ ఆ పాటల వెనుకకథలను తానే పుస్తకంగా చెప్పుకున్నారు. సిగ్గుపడింది మనం.

పరిశోధకులతో పాటు పర్యవేక్షకులకూ ఇందులో బాధ్యత ఉంది. నాతో సహా. సంక్షిప్త ప్రతిపాదన దశలోనే ‘సినిమా పాటలు’ అని చూసి పెదవి విరిచేది మనమే. విరవకపోతే ‘సాహిత్య విలువలు’ అన్న తోక తగిలించి ఆమోదించేదీ మనమే. ఆ తోకతోనే గ్రంథం మళ్లీ అలంకారాల పట్టిక అవుతుంది. ‘సినారె గేయరచన: గతి, గానం’ అన్న అంశంతో ఒక విద్యార్థి వస్తే, అతడి దగ్గర పుస్తకాల జాబితాతో పాటు ధ్వనిముద్రణల జాబితా కూడా అడగాలి. ఉల్లేఖించిన ప్రతి గజల్‌కు ముద్రిత పాఠమూ, పాడిన పాఠమూ పక్కపక్కన పెట్టమనాలి. రెంటికీ తేడా వచ్చిన చోటే అతడి అధ్యాయం మొదలవుతుంది. ‘రామప్ప’ వంటి సంగీత రూపకాన్ని కూడా అచ్చుప్రతితో సరిపెట్టకుండా, విన్న పాఠంగా పరిశీలించమనాలి. గ్రంథంతో పాటు ధ్వనిని సమర్పించడానికి ఈనాడు సాంకేతికమైన అడ్డంకి లేదు. అడ్డంకి ఉన్నదల్లా మన నమూనా పత్రంలోనే.

ఈ పనికి గడువు కూడా ఉంది. సినారె 2017 జూన్ 12న కన్నుమూశారు. ఆయన పాడగా విన్నవారిలో పెద్దతరం తగ్గిపోతోంది. సభల్లో ఎవరో చేత్తో పట్టుకున్న టేప్ రికార్డరులో ఎక్కించుకున్న క్యాసెట్లు కరీంనగర్, సిరిసిల్ల, వేములవాడ ఇళ్లల్లో అటక మీద ఉండి ఉంటాయి. అయస్కాంత టేపుకు తేమ శత్రువు, బూజు శత్రువు, ఏళ్ల తరబడి తిప్పకుండా ఉంచడం కూడా శత్రువే. పొరలు అంటుకుపోయిన టేపును తిప్పబోతే తెగుతుంది, తెగకపోయినా ధ్వని రాలిపోతుంది. ‘విశ్వంభర’ ప్రతి ఏ గ్రంథాలయంలోనైనా దొరుకుతుంది. రెండో పాదానికి ముందు ఆయన ఎంతసేపు ఆగారన్నది ఆ టేపుల్లోనే ఉంది. కరీంనగర్‌లో 2008 నుంచి శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది. హనుమాజీపేట అక్కడికి బస్సు దూరమే. వచ్చే విద్యాసంవత్సరంలో ప్రవేశం పొందే పరిశోధకుల్లో ఒక్కరినైనా గ్రంథాలయానికి పంపేముందు ఆ ఇళ్లకు పంపగలమా?